బాపు వదిలేసిన తెల్లకాగితం

అందమైన ఆడపిల్లను ‘బాపు బొమ్మ’ అనడం తెలుగులో నుడికారమైపోయింది. తర్వాత గుర్తొచ్చేది ‘సాక్షి’, ‘ముత్యాల ముగ్గు’ తీసిన దర్శకుడు. ఈ రెండు కీర్తుల వెనక వారపత్రిక పేజీలో ఓ మూల నవ్వించిన కార్టూనిస్టు మరుగున పడ్డాడు. నాకు మాత్రం అసలు బాపు అతనే.

1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టిన బాపు (అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ) 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. చేపట్టింది మాత్రం కుంచె. ఆంధ్రపత్రికలో బొమ్మలు, కార్టూన్లు వేశారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ రాతకు ఈయన గీత తోడై బుడుగూ సీగానపెసూనాంబా మనింటి పిల్లలైపోయారు.

ఆ గీత అంత పొదుపుగా ఎందుకుంది? కొంత జవాబు అచ్చాఫీసులో దొరుకుతుంది. అప్పట్లో బొమ్మ అచ్చుకావాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. లైను బ్లాకులో నలుపూ తెలుపే. బూడిదరంగుకు చోటు లేదు. నీడల కోసం చుక్కల హాఫ్‌టోన్ బ్లాకు చేయించినా ముతక న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోయేది. కాబట్టి చిత్రకారుడు చెప్పేదంతా గీతతోనే చెప్పాలి. చాలామందికి అది ఇబ్బంది. బాపు దాన్నే ఆస్తి చేసుకున్నారు. ఒక్క వంపుతో పొట్ట, రెండు గీతలతో నడుముకు దోపిన పమిట, మిగతాదంతా తెల్లకాగితం. గోడ గీయకపోయినా మనకు ఇల్లు కనపడుతుంది. నరసాపురం ఆడవాళ్ల లేసు అల్లిక చూసినప్పుడల్లా నాకిదే తోస్తుంది: పువ్వు కనిపించేది దారం వల్ల ఎంతో, దారం లేని చోటు వల్లా అంతే.

మాటలూ ఆయన చేతిరాతే. బొమ్మా అక్షరమూ ఒకే కలం నుంచి రావడంతో గోదావరి డెల్టా ఇళ్లలోని దీర్ఘాలు, సాగదీతలు చెవిన పడ్డట్టే ఉంటాయి. ఆ రాత ఇప్పుడు కంప్యూటర్ ఫాంటై శుభలేఖలన్నిటా కనిపిస్తోంది.

ఆలుమగల జోకుల్లో కొన్ని ఇవాళ నవ్వు తెప్పించవు. భార్య గయ్యాళితనం, భర్త పిరికితనం చుట్టూ తిరిగినవి ఎక్కువే. ఆ మాట దాచనక్కర్లేదు. అయినా జోకు వాడిపోయిన చోట కూడా ఆ మనిషి పడకకుర్చీలో కూలబడ్డ తీరు మళ్లీ చూడబుద్ధవుతుంది.

2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2014 ఆగస్టు 31న చెన్నైలో ఆయన వెళ్లిపోయారు. సినిమాలకు జాబితాలున్నాయి, తేదీలున్నాయి. కార్టూన్లను కూడా పత్రిక, సంచిక, తేదీలతో సహా ఒక్కచోట చేర్చాలి. ఇది ఆలస్యమయ్యేకొద్దీ చేజారేదే. మా వైపు ఓ గ్రంథాలయంలో పాత వారపత్రికల బైండ్లను తూకానికి అమ్మేశారని తెలిసి పరుగెత్తాను. అప్పటికే బండి వెళ్లిపోయింది. ఇప్పుడు నా దగ్గరున్నదల్లా మా మేనమామ కార్టూన్లు కత్తిరించి అంటించిన ధాన్యం లెక్కల పుస్తకం. డెబ్బైకి పైగా ఉన్నాయి. ఏ పత్రికో, ఏ వారమో ఒక్కదాని కిందా రాసుకోలేదు మావయ్య.