'ఇచ్చట అన్ని పనులూ చేయబడును' బోర్డు గారికి

బ్రాడీపేట,
గుంటూరు.

మహారాజశ్రీ బోర్డు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ క్షేమం. అక్కడ మీరు క్షేమమే గానీ, మీ కింద కుర్చీలో కూర్చున్న మనిషి సంగతే తెలియడం లేదు.

అడ్డరోడ్డులో షట్టరు నెత్తిన మీరు వెలసిన నాటి నుంచి పనుల పట్టిక పెరుగుతూనే ఉంది. జిరాక్స్, లామినేషన్, పాన్ కార్డు, జీఎస్టీ రిటర్నులు, పెళ్లి కార్డులు, ట్యాలీ నేర్పబడును, చీరలకు ఫాల్స్ కుట్టబడును. మూలన మిగిలిన జానెడు జాగాలో, ఖాళీగా ఎందుకుండాలని కాబోలు, 'ఆర్డరుపై పచ్చళ్లు'.

ముందుగా మీ వ్యాకరణానికో దండం. 'చేయబడును' అన్నారు చూడండి, అందులో ఎవరు చేస్తారో ఉండదు. ఎప్పటికో ఉండదు, ఎంతకో అసలే ఉండదు. 'అన్నం వండబడినది, రండి' అని ఏ ఇంట్లోనూ పిలవరు. కర్త కనబడని ఆ ప్రయోగం ఇప్పుడు తమబోటి రేకుల మీదే బతుకుతోంది. చిక్కేమిటంటే, వాక్యంలో కనబడని ఆ కర్త రాత్రి 11 గంటలకు షట్టరు సగం దించుకుని, ఓ పక్క రిటర్ను అప్‌లోడ్ అవుతుంటే మరో పక్క ఫాల్‌కు సూది వేస్తుంటాడు.

ఓసారి బెజవాడ ఆటోనగర్ దాకా వెళ్లి రండి. లారీ ఒక్కటే, షెడ్లు వేరు. కమాను కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చూసేవాడు రేడియేటరు ముట్టుకోడు. టింకరింగ్ అడిగితే వేలు పెట్టి పక్క షెడ్డు చూపిస్తాడు. అలా చూపించినందుకు గిరాకీ పోలేదు సరికదా, కట్టలు విరిగిన బండి వస్తే పక్క షెడ్డువాళ్లే అతని దగ్గరికి తోలతారు. మరి మీ దగ్గరికి ఎవరినైనా ఏమని పంపాలి? 'అక్కడ అన్నీ చేస్తారట' అంటే వినేవాడికి ఒక్కటీ గుర్తుండదు.

'ఏది బాగా చేస్తామో మాకెలా తెలుస్తుంది' అంటారేమో. గల్లాపెట్టెలో బిల్లు పుస్తకం ఉందిగా. వెనక్కి ఆరు నెలలు తిప్పి, ప్రతి పనికీ ఎదురుగా మూడు సంగతులు రాయించండి: ఎన్ని గంటలు తింది, దిద్దుబాటుకు ఎన్నిసార్లు తిరిగొచ్చింది, డబ్బు బేరం లేకుండా వచ్చిందా. తక్కువ గంటల్లో అయిపోయి, తిరిగి రాక, బేరం పడనిదే అసలు బలం. 'అబ్బ, నీ చెయ్యే వేరయ్యా' అని మెచ్చుకుని డబ్బులు రేపిస్తామన్న పనులు ఇందులోకి రావు. వాటికి వేరే పుస్తకం ఉంది, దాన్ని అప్పు పద్దు అంటారు.

తర్వాత ధర. పక్క కొట్టువాడికంటే పది రూపాయలు తక్కువ అనే తమ సూత్రం బాగానే ఉంది, పక్క కొట్టువాడూ అదే సూత్రం పాటిస్తున్నాడన్న ఒక్క సంగతి తప్ప. లెక్క ఇంటి నుంచి మొదలవ్వాలి. ఇంటికి నెలకు 40,000, కొట్టు అద్దె, కరెంటు, ఇంకుకు 8,000 కావాలనుకుందాం. ఏడాదికి 5,76,000. పన్నెండు నెలలూ పని ఉండదు. ఆషాఢంలో పెళ్లి కార్డు ఎవరూ వేయించరు, ఎవరికో ఒంట్లో బాగుండదు. కాబట్టి పదితో భాగించండి, నెలకు 57,600. రోజుకు 5 గంటల చొప్పున 24 రోజులంటే 120 గంటలు. అందులో మూడోవంతు ఫోన్లకూ బేరాలకూ బాకీల వసూలుకూ పోతుంది. మిగిలిన 80 గంటలతో భాగిస్తే గంటకు 720 రూపాయలు. ఐదు గంటలు పట్టే డిజైన్‌కు 3,600 రావాలి. తమ పోషణలో అది 1,200కు ఒప్పుకోబడుతోంది. గంటకు 240. ఆ లెక్కన మిగతా 480 ఎవరు కడుతున్నారో కర్తగారి ఇంట్లో అడిగితే చెబుతారు.

బతుకు తీరు కూడా చూసుకోవాలండీ. జీఎస్టీ పని పెట్టుకున్నవాడికి 11వ తేదీన అమ్మకాల రిటర్ను, 20న పన్ను రిటర్ను. పదో తేదీన మేనమామ కూతురి పెళ్లి ఉన్నా సరే, తేదీ జరగదు. అలాగని ఆ పని మానేయక్కర్లేదు, ఖాతాదారుల్ని ఎంచుకోవాలి. నెలనెలా దాఖలు చేసే వ్యాపారికి ఏడాదిలో ఈ రెండు రకాలూ కలిపి 24 రిటర్నులు. టర్నోవరు 5 కోట్లు దాటక, మూడు నెలల పద్ధతి ఎంచుకున్నవాడికి ఎనిమిదే. ఆ మూడింటిలో మొదటి రెండు నెలల పన్నుకు మరుసటి నెల 25వ తేదీలోగా చలానా కట్టించడం మరిచిపోతే మాత్రం వడ్డీ పడుతుంది. 'బిల్లులు 5వ తేదీకల్లా అందాలి, తర్వాత వస్తే ఆలస్య రుసుము వ్యాపారిదే' అని మొదటి రోజే కాగితం మీద పెట్టకపోతే, ఆ రుసుము కూడా కర్తగారి జేబు నుంచే 'కట్టబడును'.

పొద్దున్నే బుర్ర పనిచేసే మనిషైతే డిజైన్లు పదింటిలోపు, కొట్టు తీసేది ఆ తర్వాత. మిర్చి యార్డుకే వేసవి సెలవులున్నాయి. మీకు మాత్రం 'ఆదివారము కూడా తెరవబడును'.

మీ పట్టికలో ఎక్కువ బాకీ పడనిది పెళ్లి కార్డే అనుకుందాం, ముహూర్తం ఆగదు కాబట్టి. అయితే దాన్ని పూర్తిగా విప్పి చెప్పాలి. రెండు నమూనాలు, రెండు దిద్దుబాట్లు. మూడోదానికి 300. ప్రింటింగ్ వేరే లెక్క. సగం అడ్వాన్సు ముట్టాకే కంప్యూటరు తెరవడం. పేర్లు, ముహూర్తం, కల్యాణమండపం పేరు రాతపూర్వకంగా ఇవ్వాలి, వాట్సాప్ వాయిస్ చెల్లదు. చివరి ప్రూఫు మీద ఇంటిపెద్ద సంతకం ఉండాలి, ఎందుకంటే పెదనాన్నగారి పేరు చిన్నాన్నగారి పేరు కింద పడిన సంగతి 500 కార్డులు అచ్చయ్యాకే బయటపడుతుంది. ప్రెస్సుకు పంపేముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చాలి. లేదంటే అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేనప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, 'శుభలేఖ' కాస్తా గజిబిజి అయిపోతుంది. ఇవన్నీ చెబితే బేరం పోతుందని మీ భయం. కొన్ని పోతాయి. అవి సాధారణంగా ఆ రెండో పుస్తకంలో, అదే అప్పు పద్దులో, ఉండే పేర్లే.

జిరాక్స్ మిషను ఉంచుకోండి, పర్లేదు. పచ్చళ్లు మాత్రం దయచేసి వద్దు, ప్రూఫుల మీద నూనె మరకలు పడుతున్నాయి.

ఇట్లు,
మీ నీడన నిలబడి ప్రూఫు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు

తా.క.: ఈసారి పెయింటరు వచ్చినప్పుడు 'పెళ్లి కార్డులు తెలుగులో తప్పుల్లేకుండా వేస్తాను, ముహూర్తానికి 30 రోజుల ముందు రండి' అని రాయించండి. 'వేస్తాను' దగ్గర అక్షరం కాస్త లావుగా ఉండాలి. పాత అక్షరాల మీద తెల్లరంగు రెండు పూతలు వేయమనండి, ఒక్క పూతైతే మన ఎండలకు 'అన్ని' మళ్లీ పైకి తేలుతుంది.