గ్వాంటనామో ఖైదీలు: ‘కన్నదేశమే వద్దంది’ అన్నది నిజం కాదు

గ్వాంటనామో అంటే ఉగ్రవాద అనుమానంతో పట్టుకున్నవాళ్లను ఉంచే, క్యూబాలోని అమెరికా సైనిక జైలు. దాని గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: “అమెరికా తలచుకుంటే గ్వాంటనామో జైల్లో ఉన్నవాళ్లని ఒక్క రోజులో విమానం ఎక్కించి సొంత దేశాలకు పంపేయగలదు. ఆ దేశాలే వద్దంటున్నాయి. కన్నదేశమే వద్దందంటే వాళ్లెంత కరుడుగట్టిన ఉగ్రవాదులో అర్థం చేసుకోండి. పంపినా మళ్లీ తుపాకీ పడతారు.” బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇది ఫార్వర్డ్ చేస్తుంటే బాధగా ఉంది.

“కన్నదేశమే వద్దంది.” చైనాలోని ముస్లిం మైనారిటీ తెగ వీగర్ల సంగతి చూడండి. చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి వచ్చిన 22 మంది వీగర్లు గ్వాంటనామోలో ఉండేవారు. చైనా వాళ్లని వద్దనలేదు సరికదా, మాకే అప్పగించండని పదేపదే అడిగింది. పంపం అన్నది అమెరికా. అక్కడికి వెళితే చిత్రహింసలు తప్పవన్న భయం. అలాంటి చోటికి ఎవరినీ అప్పగించకూడదని చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మూడో అధికరణం చెబుతోంది. అమెరికా కూడా ఆ ఒప్పందంలో ఉంది.

పోనీ అమెరికాలోనే ఉండనివ్వొచ్చు కదా? 2008 అక్టోబరులో వాషింగ్టన్ జడ్జి రికార్డో ఉర్బినా అదే తీర్పు ఇచ్చారు. అప్పటికి మిగిలిన 17 మందినీ అమెరికాలోకి విడిచిపెట్టమన్నారు. అక్కడ స్థిరపడిన వీగర్ కుటుంబాలు మా ఇళ్లలో పెట్టుకుంటామని ముందుకొచ్చాయి. పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ తర్వాత గ్వాంటనామో నుంచి ఎవరినీ అమెరికా గడ్డమీదికి తేకూడదని అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టమే చేసింది.

ఇక దేశదేశానికీ వెళ్లి తలుపు తట్టడమే మిగిలింది. 2006లో అల్బేనియా ఐదుగురిని తీసుకుంది. చైనా అక్కడికీ వెంటపడి అప్పగించమంది. ఆ ఐదుగురిలో ఒకాయన అల్బేనియా రాజధాని టిరానాలో పిజ్జాలు చేయడం నేర్చుకున్నాడు. 2009లో బెర్ముడా ప్రధాని నలుగురికి చోటిచ్చారు. బెర్ముడా విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చేతిలో ఉంటాయి. ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదని లండన్ మండిపడింది, దీవిలో ఆయనమీద అవిశ్వాస తీర్మానం కూడా పెట్టారు. ఇంత రగడకు కారణమైన ఆ మనుషులు గోల్ఫ్ మైదానంలో గడ్డి కత్తిరించే పనికి కుదిరారు! పసిఫిక్‌లోని పలావు దీవులు ఆరుగురిని తీసుకున్నాయి. ఆ దేశానికి దౌత్య సంబంధాలున్నది తైవాన్‌తో, బీజింగ్‌తో కాదు. చివరి ముగ్గురు స్లొవేకియా చేరేసరికి 2013 డిసెంబరు వచ్చింది. ఎవరు తీసుకున్నారు, ఎవరు వెనకాడారు అన్నది చైనాతో ఎవరి లెక్కలు ఎలా ఉన్నాయన్న దాన్నిబట్టి నడిచింది. దాన్ని ఖైదీ నేరానికి రుజువుగా చూపడం అన్యాయం.

“మళ్లీ తుపాకీ పడతారు.” ఇందులో కొంత నిజం ఉంది, దాచను. సయీద్ అల్ షిహ్రీని 2007లో సౌదీకి పంపారు. పునరావాస కేంద్రంలో ఉండి బయటికొచ్చి, యెమెన్‌లో అల్‌ఖైదా ఉపనాయకుడయ్యాడు. పంపినవాళ్లలో సుమారు 17 శాతం మంది మళ్లీ అదే దారి పట్టినట్టు నిర్ధారణ అయిందని అమెరికా నిఘా వర్గాల లెక్క. అయితే 2009 జనవరి తర్వాత వెళ్లినవాళ్లను విడిగా లెక్కిస్తే అది పది శాతం లోపే. అప్పటి నుంచి ప్రతి ఫైలునూ పలు శాఖలు కలిసి చూడడం, నిఘాపైనా ప్రయాణాలపైనా తీసుకునే దేశంతో గట్టి షరతులు మాట్లాడుకోవడం ఇందుకు ఒక కారణం. మెసేజ్ రాసినవాళ్లు ‘ఒక్క రోజు’ అని తీసిపారేసిన పని ఇదే.

ఆ షరతులూ అన్నిసార్లూ నిలబడవు. యూఏఈ 23 మందిని పునరావాసం పేరుతో తీసుకుని నిర్బంధంలోనే ఉంచింది. వాళ్లలోని యెమెన్ వాళ్లను 2021లో యుద్ధం నడుస్తున్న యెమెన్‌కే పంపించేసింది.

“ఒక్క రోజులో పంపేయొచ్చు.” మొరాకో పౌరుడొకరి కథ నన్ను చాలా కలిచివేసింది. ఆయన్ను పంపేయొచ్చని 2016 జులైలో ఆరు శాఖల బోర్డు ఒప్పుకుంది. కాసాబ్లాంకాలో ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారు. మొరాకో ప్రభుత్వం నుంచి భద్రతా హామీల కాగితం రావాలి. అది వచ్చింది డిసెంబరు 28న. పంపడానికి 30 రోజుల ముందు కాంగ్రెస్‌కు తెలియజేయాలని చట్టం. ఒబామా దిగిపోయేది జనవరి 20. మధ్యలో ఉన్నవి 23 రోజులు. వారం రోజులు తక్కువైంది. ట్రంప్ నాలుగేళ్లలో గ్వాంటనామో నుంచి వెళ్లింది ఒకే ఒక్కరు, అది ఈయన కాదు. చివరికి 2021 జులై 19న మొరాకోకు పంపారు. వారం రోజుల తేడాకు నాలుగున్నరేళ్లు జైలు. ఏ నేరమూ మోపకుండానే.

గ్వాంటనామోలో మొత్తం 780 మందిని ఉంచారు. 2025 జనవరిలో 11 మంది యెమెన్ వాళ్లని ఒమన్‌కు పంపాక మిగిలింది 15 మంది. వాళ్లలో పంపేయొచ్చని తేల్చినా అక్కడే ఉండిపోయినవాళ్లు అప్పటికి ముగ్గురు. ఒకరు లిబియా, ఒకరు సోమాలియా. ఈ రెండు దేశాలకూ గ్వాంటనామో నుంచి ఎవరినీ పంపకూడదని అమెరికా చట్టంలోనే ఉంది. మూడో వ్యక్తి రోహింగ్యా. ఆయనకు ఏ దేశ పౌరసత్వమూ లేదు.