సవరణ: ఎయిర్‌బ్యాగ్ ముందు సెన్సార్‌కు ఓమ్స్ పరీక్ష

ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే కారు ముందు భాగంలోని ఇంపాక్ట్ సెన్సార్ (గుద్దుకోవడాన్ని పసిగట్టేది) పిన్నుల మధ్య మీటరుతో ఓమ్స్, అంటే రెసిస్టెన్స్, కొలవాలని, రీడింగ్ రాకపోతే సెన్సార్ మార్చాలని గత పోస్టులో ఉంది. అది లోపల మెకానికల్ స్విచ్, రెసిస్టర్ ఉండే పాత సెన్సార్లకే పనికొస్తుంది. ఇప్పటివాటిలో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది కాబట్టి మీటరు చూపే అంకెకు అర్థం లేదు. కొలవాల్సింది వైర్లను.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం 3 నిమిషాలు ఆగండి. మాన్యువల్ ఎక్కువ చెబితే అంతసేపూ ఆగాల్సిందే. ఎందుకంటే మాడ్యూల్ (ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్) లోపలి కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉంటుంది. తర్వాత సెన్సార్ కనెక్టర్, మాడ్యూల్ కనెక్టర్ రెండూ ఊడదీయండి. ఒక్కో వైరు ఈ చివర నుంచి ఆ చివరకు 1 ఓమ్ లోపు రావాలి. రెండు వైర్ల మధ్య, వైరుకీ బాడీకీ మధ్య ఓపెన్ (కనెక్షన్ లేనట్టు) చూపాలి. వైర్లను కదుపుతూ చూడండి. షార్ట్ కనిపిస్తే కంగారొద్దు: కొన్ని పసుపు కనెక్టర్లలో ఊడదీయగానే పిన్నుల్ని కలిపేసే క్లిప్ ఉంటుంది. బంపర్ వెనక నీళ్లు దిగి పిన్నుకు పచ్చటి చిలుము పట్టడమే చాలాసార్లు అసలు జబ్బు.

ఎయిర్‌బ్యాగ్‌కు, బెల్ట్ ప్రిటెన్షనర్‌కు (గుద్దుకున్నప్పుడు సీటుబెల్టును బిగించేది) మాత్రం మీటరు పెట్టొద్దు. మీటరు పంపే ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. వాటి స్థానంలో సుమారు 2 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ మారిందేమో చూడాలి.