కలివి కోడి పేరు మారిస్తే ఏమొస్తుంది?

మా జిల్లా పేరు 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. ‘మీదే జిల్లా?’ అని ఎవరడిగినా ఈ పదిహేనేళ్లూ మేం చెప్పింది ‘కడప’ అనే. అందుకే మా లంకమల అడవిలోని అరుదైన పిట్ట కలివి కోడికి ‘జెర్డాన్ కోర్సర్’ అన్న ఇంగ్లీషు పేరు తీసేస్తూ చట్టం చేద్దామని ఎవరైనా అంటే తలూపుతాను గానీ చప్పట్లు కొట్టను.

జెర్డాన్ మద్రాసులో పనిచేసిన తెల్లదొరల కాలపు డాక్టరు. 1848లో ఈ పిట్ట పుస్తకాలకెక్కింది, ఇంగ్లీషు పేరు మాత్రం ఆయనది. అది ఎక్కడుంటుందో ఆ పేరు చెప్పదు. మన పేరు చెబుతుంది: కలివి పొదల్లో. ముళ్లు గీరుకున్నా పిల్లలు కోసుకు తినే ఆ నల్లటి పండ్ల పొదలే. (కోడి మాత్రం కాదు లెండి, తీతువుకు దూరపు చుట్టం.)

1900 ప్రాంతం తర్వాత ఇది కనపడక, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో దాన్ని పట్టిచ్చింది ఊరి వేటగాడే. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట కావడంతో, ఆ తర్వాత వెతికినవాళ్లు మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక మూడువేళ్ల ముద్రల కోసం వంగి చూసుకునేవారు. దానికి వెనక వేలుండదు.

ఇక చట్టం సంగతి. శాస్త్రీయ నామం అంతర్జాతీయ నియమావళి కింద ఉంటుంది, దాన్ని మార్చే అధికారం అసెంబ్లీకి లేదు. ఇంగ్లీషు పేర్లు పక్షి శాస్త్రవేత్తల జాబితాల్లో మారతాయి. మనుషుల పేర్లున్న పిట్టల ఇంగ్లీషు పేర్లు మారుస్తామని అమెరికా పక్షి శాస్త్రవేత్తల సంఘం 2023లో ప్రకటించింది, ఏ చట్టమూ లేకుండానే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం మాత్రం 2014లో చట్టమే చేసి, బయటి నుంచి వచ్చిపడిన ‘ఆసియా కార్ప్’ చేపల పేరులోంచి ఆసియాను తీసేసింది. అక్కడ ఒక జనం మనసు నొచ్చుకునే విషయముంది, అర్థముంది. ఇక్కడ జెర్డాన్ వల్ల ఎవరికీ నొప్పి లేదు.

ఉమ్మడి కర్నూలులోని రోళ్లపాడుకు వెళ్లి చూడండి. బట్టమేక పిట్ట పేరు చెప్పుకునే అభయారణ్యం ఉంది, పిట్ట కనపడి ఏళ్లయింది. కలివి కోడికి ఎంతోకొంత మేలు చేసింది, అది తిరిగే పొదల్లోంచి పోవాల్సిన తెలుగుగంగ కాల్వను దారి మళ్లించడం. దానికి భూమి కావాల్సి వచ్చింది, డబ్బు కావాల్సి వచ్చింది, తగువులూ అయ్యాయి. పేరు మార్చే బిల్లుకు ఇవేవీ అక్కర్లేదు, ఒక్క పూటలో పాసైపోతుంది. నాకు అనుమానం అక్కడే. బిల్లు పెట్టేవాళ్లు అందులో ఇంకొక్క వాక్యం రాస్తారేమో అడగాలి: లంకమల అంచున కలివి పొదలు ఎవరూ కొట్టకూడదు, కొట్టనందుకు పట్టాదారుకు ఇంత ఇస్తాం అని.