రిజైన్ చేసినా గ్రాట్యుటీ వస్తుంది
గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసినప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు గురించి మంచి ఆర్టికల్ రాశారండి, కానీ రిటైరైన వాళ్ల గురించే ఎక్కువ చెప్పారు, మధ్యలో మానేసిన వాళ్లకి కూడా వస్తుందన్నది ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది. నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో 6 ఏళ్ల 8 నెలలు అకౌంట్స్ చూసి 2019లో మానేశాను, గ్రాట్యుటీ అడిగితే "నువ్వే రిజైన్ చేశావు కదమ్మా, నీకెందుకు వస్తుంది" అన్నారు ఓనరు గారు, నేనూ నిజమే కాబోలు అనుకుని రెండు నెలలు ఊరుకున్నా. తర్వాత మా బాబాయి చెప్తే తెలిసింది, కనీసం 10 మంది పనిచేసే చోట 5 ఏళ్లు సర్వీసు ఉంటే చాలు, రిజైన్ చేసినా 30 రోజుల్లో ఇవ్వాల్సిందే, లేటైతే వడ్డీ కూడా కట్టాలి. అప్పటి లెక్క కూడా కష్టం కాదు, చివరి నెల బేసిక్ (మూల జీతం), డీఏ (కరవు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణించి ఎన్నేళ్లో దానితో గుణించడమే. నా బేసిక్ 13,000, డీఏ లేదు, ఆరు నెలలు దాటితే ఏడాది కిందే లెక్క కాబట్టి 7 ఏళ్లకి 52,500 వచ్చింది. ముందు రాతపూర్వకంగా అడిగా, జవాబు లేకపోతే కార్మిక శాఖ ఆఫీసులో అప్లికేషన్ పెట్టా, లాయర్ని కూడా పెట్టుకోలేదు, నోటీసు వెళ్లాక డబ్బులిచ్చేశారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదని భయపడ్డాను కానీ పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు సరిపోయాయి. నాతో పనిచేసిన ఇద్దరు అక్కలు అడక్కుండానే వెళ్లిపోయారు, వాళ్లవి పదేళ్ల సర్వీసులు, అదే ఇప్పటికీ బాధగా ఉంటుంది.