తోకలు లెక్కపెడితే సరిపోదు
మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే రెక్కల పురుగుల పిల్లలు వాగు నీళ్లలో పెరుగుతాయి. పిల్లకు మూడు తోకలుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై అని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నమ్మితే విశాఖ నుంచి అనంతగిరి వాగులకు వెళ్లి పిల్ల పురుగులు పట్టేవాళ్లు పొరబడతారు. మేఫ్లైల్లోనూ రెండు తోకల రకాలున్నాయి, పైగా వలలోనే తోకలు విరిగిపోతుంటాయి. కాలి చివర చూడండి: మేఫ్లైకి ఒకటే గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. మేఫ్లైకి పొట్ట పక్కల ఉండే మొప్పలూ చూడాలి. అవీ ఊడిపోయేవే, అందుకే సీసాలో 80 శాతం ఆల్కహాల్ గాలి బుడగ లేకుండా నిండా పోయాలి. మేఫ్లైకి రెక్కలొచ్చినా అవి మసకగా ఉంటే మాత్రం దయచేసి అప్పుడే ఆల్కహాల్‌లో వేయకండి, అది ఇంకోసారి కుబుసం విడవాలి. తడి దూది పెట్టిన గాలాడే డబ్బాలో రాత్రంతా ఉంచితే చాలావరకు విడుస్తుంది. జాతి తేల్చడానికి ఎక్కువగా పనికొచ్చేది ఎదిగిన మగదే. పిల్లను పెంచితే అది విడిచిన తొక్కల్నీ ఎదిగాక దాన్ని వేసిన సీసాలోనే వేయండి, లేకపోతే ఏ పిల్ల ఏ పెద్దదో చెప్పడం చాలా కష్టం.