పక్క కొట్టే గోదాం: లాడ్ బజార్ గాజుల లెక్క

చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాలు ఒకదాన్ని ఆనుకొని ఒకటి ఉంటాయి. గాజుల కొట్టే లేని పేటకు వెళ్లి వ్యాపారం పెట్టుకోక వీళ్లంతా ఇక్కడే ఎందుకు ఇరుక్కుంటారన్న ప్రశ్న సహజం. ఒకే వీధిలో ఒకే సరుకు అమ్మే ఇద్దరు వర్తకులు, ఎదుటివారి కొనుగోలుదారులను లాక్కునే ప్రయత్నంలో జరుగుతూ జరుగుతూ చివరకు నడివీధిలో పక్కపక్కకే చేరతారని అర్థశాస్త్రవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లో వాదించారు. అయితే ధరల పోటీని కూడా సరిగ్గా లెక్కిస్తే ఆ వాదన నిలవదని 1979లో మరో ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు చూపారు. సరుకు అచ్చంగా ఒకటే అయితే, పక్కపక్కన ఉన్న ఇద్దరూ ధర తగ్గించుకుంటూ పోతారు, ఎవరికీ లాభం మిగలదు.

లాడ్ బజార్‌లో సరుకు అచ్చంగా ఒకటి కాదు. కిటుకంతా అక్కడే ఉంది. గాజు సైజును రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని చెబుతారు. రెండు ఆరు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారింట ఆరు వంతులు. ప్రతి సైజులోనూ పదుల రంగులు, ప్రతి రంగులోనూ రకరకాల వెడల్పులు, వాటిపై వేర్వేరు రాళ్ల పని. ఇవన్నీ ఒక్క కొట్టులో నిల్వ పెట్టడం ఏ వ్యాపారికైనా తలకు మించిన పెట్టుబడి. పెళ్లి చీర చేతపట్టుకొని వచ్చే కుటుంబానికీ ఈ సంగతి తెలుసు కనుక, నాలుగు కొట్లు తిరిగే వీలు లేని చోటికి అంత దూరం నుంచి బయలుదేరదు. అంటే పక్కవాడి సరుకే నా కొట్టుకు గిరాకీ తెస్తుంది; తన దగ్గర లేని జతను పక్క కొట్టు నుంచి తెప్పించి అమ్మే వ్యాపారికి బజారంతా ఒక గోదాం. లక్కను నిప్పుల సెగపై కరిగించి, రాళ్లు పొదిగే పనివారు పాతబస్తీలోనే ఉండటానికీ కారణం ఉంది: ఒక దుకాణం ఆర్డర్ ఇవ్వకపోయినా మరొకటి ఇస్తుంది.

ఉప్పు ప్యాకెట్ కోసం ఎవరూ నాలుగు కొట్లు తిరగరు కాబట్టి కిరాణా దుకాణాలు ఊరంతా చెదిరి ఉంటాయి. ఆసుపత్రి ముందు వరుసగా కనిపించే మందుల షాపుల సంగతి వేరు. అవి ఒకదాని కోసం ఒకటి రాలేదు, రోగుల కోసం వచ్చాయి.

ఆన్‌లైన్ అమ్మకాలు ఈ గుంపులన్నిటినీ చెదరగొడతాయన్న మాటను నేను సగమే నమ్ముతాను. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే కంప్యూటర్ విడిభాగానికి మోడల్ నంబరు ఉంటుంది. దాని ధరను ఫోన్‌లోనే పోల్చుకోవచ్చు కనుక అలాంటి బజారుకు మరమ్మతు పనే ప్రధాన బలంగా మిగులుతుంది. చీర అంచుకు నప్పే గాజు రంగును మాత్రం ఫోన్ తెరపై చూసి ఎవరూ ఖాయం చేసుకోలేరు. నా దృష్టిలో గాజుల కొట్లకు అంతకంటే పెద్ద బెడద అద్దె: దుకాణదారులంతా కలిసి రప్పించిన గిరాకీలో పెద్ద వాటా, ఒప్పందం తిరగరాసిన ప్రతిసారీ, భవన యజమాని చేతికి పోతుంది.